పాటగాళ్లను నటుల్ని చేసిన పాత్రీస్ షెరో

శ్రోతలకు నమస్కారం.

సంగీతకర్త రిచర్డ్ వాగ్నర్ తన ఆపెరాల కోసమే, అంటే పాటతోనే నడిచే నాటకాల కోసమే, జర్మనీలోని బైరాయిట్ అనే చిన్న ఊళ్లో ఒక నాటకశాల కట్టించుకున్నాడు. 1976 నాటికి అక్కడ ప్రదర్శనలు మొదలై నూరేళ్లయింది. ఆ ఉత్సవానికి వాగ్నర్ రాసిన ‘రింగ్’ ఆపెరాను నిర్వాహకులు కొత్తగా తయారు చేయించారు. నాలుగు రాత్రులు, అన్నీ కలిపి పదిహేను గంటల దాకా నడిచే ఆపెరా అది. జర్మన్లు ప్రాణంగా చూసుకునే ఆ దేవతల కథను ఎవరి చేతిలో పెట్టారయ్యా అంటే, 31 ఏళ్ల ఫ్రెంచి కుర్రాడి చేతిలో. పేరు పాత్రీస్ షెరో. అప్పటికి అతను చేసిన ఆపెరాలు రెండే రెండు. వాద్యబృందాన్ని నడిపించిన పియేర్ బూలెజ్ కూడా ఫ్రెంచివాడే. ఇక చూడండి!

తెర లేచింది. రైన్ నది పారాల్సిన చోట జలవిద్యుత్ డ్యామ్ ఉంది. దేవతలు పాతకాలపు షావుకార్లలా పొడుగు కోట్లు తొడుక్కుని వచ్చారు. హాలంతా గోల. కొందరు వస్తూ వస్తూ జేబులో ఈలలు కూడా తెచ్చుకున్నారు, ఊది పెట్టారు.

షెరో పేరెత్తితే ఈనాటికీ ముందు ఆ డ్యామ్ గురించే చెబుతారు. దాన్ని గీసింది రిషార్డ్ పెదుజ్జి. జీవితమంతా షెరోకి రంగాలంకరణ చేసిన మనిషి. బొమ్మ గొప్పదే, కాదనను. కానీ షెరో చేసిన అసలు పని దాని ముందు నిలబడ్డ మనుషుల దగ్గర ఉందని నా ఉద్దేశం.

మన పద్యనాటకంలో రాగం అందుకున్నాక నటుడు మైకు ముందు కదలకుండా నిలబడిపోతాడు. కథ కాసేపు ఆగినా మనం పట్టించుకోం, వన్స్ మోర్ అంటాం. ఆపెరాలో కూడా చాలాకాలం గొంతుదే రాజ్యం. షెరో వచ్చి, పాడుతున్నంతసేపూ ఎదుటి మనిషిని చూడండి, ముట్టుకోండి, తోసేయండి, నేలమీద పడండి అన్నాడు.

‘రింగ్’ రెండో రాత్రి కథనే తీసుకోండి. దేవతల పెద్ద వోటాన్. తాను చేసుకున్న ఒప్పందాలే మెడకు చుట్టుకుని, కన్నకొడుకు సీగ్మండ్‌ను చావుకి అప్పగించాల్సి వచ్చింది. ఆ బాధను అతను చాలాసేపు పాడుకుంటాడు. షెరో అతన్ని ఒక పెద్ద అద్దం ముందు నిలబెట్టాడు. పక్కనే పైనుంచి వేలాడదీసిన లోలకం ఊగుతూ ఉంటుంది. ఇక అంతా ముగిసిపోవాలి అనే మాట దగ్గర వోటాన్ చెయ్యి పెట్టి ఆ లోలకాన్ని ఆపేస్తాడు. తర్వాత యుద్ధం. పోటు తిన్న సీగ్మండ్ తూలుతూ వస్తే తండ్రి పట్టుకుని కౌగిలించుకుంటాడు. తన తండ్రి ఎవరో ఆ కొడుక్కి ఆ క్షణంలో అర్థమవుతుంది, ఆ చేతుల్లోనే ప్రాణం పోతుంది. ఆ కౌగిలి వాగ్నర్ రాసింది కాదు. అయినా ఒకసారి చూశాక అది లేకుండా ఆ సంగీతం వినడం కష్టం.

మరుసటి ఏడాది, 1977లో, ఇంకో చిత్రం జరిగింది. హీరో సీగ్‌ఫ్రీడ్ వేషగాడు రెనే కొల్లోకి కాలు విరిగింది. గొంతు బాగానే ఉంది, నడవలేడు. ఆయన రంగం పక్కన ఉండి పాడితే, షెరోయే వేషం వేసుకుని పెదవులు కదుపుతూ నటించేశాడు. అంత టెన్షన్ మీద వేసుకోవడం దర్శకుల్లో ఎంతమందికి చేతనవుతుంది?

1980లో చివరి ప్రదర్శన అయ్యాక అదే హాల్లో గంటకు పైగా చప్పట్లు కొట్టారు.

ఇంతకీ ఈ మనిషి ఎక్కడివాడు? 1944లో పశ్చిమ ఫ్రాన్సులోని లెజిన్యే అనే పల్లెలో పుట్టాడు. అమ్మానాన్నలిద్దరూ చిత్రకారులే. పారిస్‌లో స్కూలు నాటకబృందంతోనే పేరు తెచ్చుకున్నాడు. 22 ఏళ్లకే సార్త్రూవిల్ అనే శివారు పట్టణంలో థియేటర్ బాధ్యత తలకెత్తుకున్నాడు. మూడేళ్లకు అది దివాళా తీసింది. ఆ అప్పులు తీర్చడానికి చాలా ఏళ్లే పట్టింది. అక్కణ్ణుంచి ఇటలీ వెళ్లి మిలాన్‌లోని పికొలో థియేటర్లో పనిచేశాడు. తిరిగొచ్చాక 1972 నుంచి లియోన్ పక్కనున్న విల్లూర్‌బాన్‌లో రోజే ప్లాన్షోన్‌తో కలిసి జాతీయ ప్రజా థియేటర్ నడిపాడు.

1979లో పారిస్‌లో ‘లులు’ చేశాడు. సంగీతకర్త అల్బన్ బెర్గ్ మూడో అంకం పూర్తి చేయకుండానే 1935లో చనిపోయిన ఆపెరా అది. మిగిలింది ఇంకొకరు పూర్తి చేశాక, మొదటిసారి మూడంకాలతో నిండుగా ఆడింది షెరో, బూలెజ్‌ల చేతుల మీదే.

1982 నుంచి 1990 దాకా పారిస్ శివారు నాంటేర్‌లో ఉన్న అమాందియే థియేటర్ ఆయన ఇల్లయింది. కుర్రాళ్లకు అక్కడే నటన బడి పెట్టాడు. బెర్నార్-మారీ కోల్తెస్ అనే కొత్త రచయితను నెత్తిన పెట్టుకుని, వరసగా ఆయన నాటకాలు వేశాడు. వాటిలో ఒకదాంట్లో ఇద్దరే ఇద్దరు. రాత్రిపూట వీధిలో ఒకడు అమ్మేవాడు, ఒకడు కొనేవాడు. సరుకేమిటో చివరిదాకా చెప్పరు. అమ్మేవాడి పాత్రను కోల్తెస్ నల్లజాతి నటుడి కోసం రాశాడు. కొన్నాళ్లకు ఆ వేషం షెరో తానే కట్టాడు. కోల్తెస్‌కు అది నచ్చలేదు. ఈ విషయంలో నా ఓటు రచయితకే.

సినిమాలూ తీశాడు. 2001లో ‘ఇంటిమసీ’కి బెర్లిన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ బేర్ వచ్చింది. నాకైతే రంగస్థలం మీదే ఆయన చెయ్యి బాగా తిరిగినట్టు అనిపిస్తుంది.

2013 జులైలో దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్-అన్-ప్రొవాన్స్ ఉత్సవంలో సంగీతకర్త రిచర్డ్ స్ట్రాస్ ‘ఎలెక్ట్రా’ చేశాడు. వాద్యాలు పెద్దగా మోగుతూ మొదలయ్యే ఆపెరా అది. షెరో మాత్రం సంగీతం కన్నా ముందు పనిమనుషుల్ని పంపాడు. వాళ్లు వాకిలి ఊడుస్తుంటారు. కాసేపు చీపురు చప్పుడు తప్ప మరేం వినిపించదు. ముసలి నౌకరు వేషంలో డొనాల్డ్ మెకింటైర్, ఇంకో చిన్న వేషంలో 89 ఏళ్ల ఫ్రాంజ్ మజూరా. ఈ మెకింటైర్ ఎవరంటే, బైరాయిట్‌లో ఆ లోలకాన్ని ఆపిన వోటాన్. మజూరా కూడా ఆ ‘రింగ్’లో పాడినవాడే, ‘లులు’లోనూ ఉన్నాడు.

అదే ఏడాది అక్టోబర్ 7న షెరో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు. ‘ఎలెక్ట్రా’ ఆ తర్వాత మిలాన్‌లోనూ న్యూయార్క్‌లోనూ ఆడింది.

ఆ బైరాయిట్ ప్రదర్శనను టీవీ కోసం చిత్రీకరించారు, డిస్కుల మీద దొరుకుతుంది. పదిహేను గంటలా అని బెంబేలెత్తకండి. మొదటినుంచి కూడా అక్కర్లేదు. రెండో రాత్రిదైన ‘వాల్క్యూర్’ అనే భాగంలో రెండో అంకం పెట్టుకోండి, అద్దం, లోలకం, కౌగిలి మూడూ అందులోనే ఉన్నాయి. ఆ అంకం పట్టి కూర్చోబెడితే మిగతా భాగాలు మీరే వెతుక్కుంటారు.

నమస్కారం.