నమ్మకమా, ఊరటా?

శ్రోతలకు నమస్కారం.

కష్టం వస్తే గానీ దేవుడు గుర్తుకు రాడని ఒక ఎత్తిపొడుపు మాట ఉంది. దేవుణ్ణి మనసారా నమ్మి కొలుస్తున్నారా, ఊరట దొరుకుతుందని కొలుస్తున్నారా అన్న ప్రశ్న అందులోనే దాగి ఉంది. ఈ ప్రశ్న వేసేవాళ్లలో చాలామంది జవాబు ముందే ఖాయం చేసుకుని ఉంటారు. ఊరట కోసం పుట్టిన నమ్మకం తక్కువరకం అని వాళ్ల లెక్క. ఆ లెక్క సరైనది కాదని చెప్పడానికే ఈ ప్రసంగం.

భగవద్గీత ఏడో అధ్యాయం 16వ శ్లోకంలో భగవంతుణ్ణి ఆశ్రయించేవాళ్లు నాలుగు రకాలుగా కనిపిస్తారు. ఆపదలో ఉన్న ఆర్తుడు, తెలుసుకోవాలనుకునే జిజ్ఞాసువు, ఏదో ఒకటి కావాలని వచ్చే అర్థార్థి, తెలుసుకున్న జ్ఞాని. తర్వాతి శ్లోకం జ్ఞానికి పెద్దపీట వేస్తుంది. కానీ 18వ శ్లోకం ఆ నలుగురూ ఉదారులే అంటుంది. ఏడుస్తూ వచ్చినవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టలేదు.

ఊరట సిద్ధాంతాన్ని గట్టిగా వినిపించినవాడు మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్. నిస్సహాయంగా ఉన్న మనిషి తండ్రిలాంటి రక్షకుణ్ణి కోరుకుంటాడనీ, మత విశ్వాసం ఆ కోరికలోంచి పుట్టిన భ్రమ అనీ 1927లో రాశాడు. అయితే భ్రమ అంటే పొరపాటు అని అర్థం కాదనీ, కోరికలోంచి పుట్టిన నమ్మకం అని మాత్రమేననీ ఆయనే వివరించాడు. ఆయన పేరు చెప్పి వాదించేవాళ్లు ఈ వివరణను తరచుగా వదిలేస్తారు. ఎందుకు నమ్ముతున్నాం అన్నది ఒక ప్రశ్న, నమ్మింది నిజమా అన్నది మరో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోది తేలిపోదు. గట్టిగా నమ్మేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది, నమ్మకం ఎంత గట్టిదైనా అది రుజువు కాదు.

మరి మనసారా నమ్మే భక్తినీ, ఊరట కోసం పుట్టిన భక్తినీ విడదీసి కొలవగలమా? గోర్డన్ ఆల్‌పోర్ట్, మైకేల్ రాస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1967లో ఆ పని చేశారు. వాళ్ల కొలమానంలో 20 వాక్యాలు ఉన్నాయి. ప్రార్థన ముఖ్యోద్దేశం ఉపశమనం, రక్షణ పొందడమే అన్నది ఒక వైపు వాక్యం. ఒంటరిగా చేసే ప్రార్థన కూడా నలుగురితో కలిసి చేసేదానంత అర్థవంతంగా ఉంటుందన్నది రెండో వైపు వాక్యం. ఒక వైపువాళ్లు మతాన్ని వాడుకుంటారు, రెండో వైపువాళ్లు దానిలో బతుకుతారు అని వాళ్ల ఊహ.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కొందరు రెండు వైపుల వాక్యాలకూ తల ఊపారు. మతం గురించి ఏ మంచి మాట వినిపించినా ఔననేవాళ్లు వీళ్లు. ఇతర జాతులవాళ్ల మీద చిన్నచూపు అందరికంటే ఎక్కువగా కనిపించింది కూడా వీళ్లలోనే. దాని తర్వాత మరో లోపం బయటపడింది. మంచి భక్తులుగా కనబడాలన్న కోరిక జవాబుల్లోకి చొరబడుతోంది. మూడోది 1989 నాటికి తేలింది. "వాడుకోవడం" అని ఒకే గాటన కట్టినదానిలో రెండు వేర్వేరు అవసరాలున్నాయి. ఒకటి మనశ్శాంతి, రెండోది తోటివారి సాంగత్యం. స్నేహాల కోసం ప్రార్థనకు వచ్చేవాడూ దుఃఖం ఆపుకోలేక వచ్చేవాడూ ఒకటి కాదు కదా!

కాబట్టి ఇతరులను కొలిచే పని పక్కన పెడదాం. ఎవరికి వారు చూసుకోవాలంటే ఒక దారి ఉంది. ఈ వారంలో చేసిన ప్రార్థనలో మనసులో అనుకున్న మాటలను ఉన్నవున్నట్టుగా కాగితం మీద రాయండి. అడిగినవి ఏవి, కృతజ్ఞతగా చెప్పినవి ఏవి, ఇతరుల కోసం కోరినవి ఏవి, ఏమీ కోరకుండా ఊరికే ఉన్న క్షణాలు ఎన్ని, అని విడదీయండి. ఆ తర్వాత గతంలోకి వెళ్లండి. అడిగింది జరగనప్పుడు మర్నాడు ఏం చేశారు? లాభం వచ్చే పనిని విశ్వాసం వద్దన్నప్పుడు ఎటు మొగ్గారు? ఎవరూ చూడనప్పుడు ఏమైంది? బరువు దేని మీద నిలబడిందో ఈ మూడు చోట్లా బయటపడుతుంది. చాలామందికి రెండూ కలిసే కనబడతాయి, అందులో తప్పేమీ లేదు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఇంట్లో చావో జబ్బో ఉన్న రోజుల్లో ఈ పరీక్ష పెట్టుకోకండి. ఆ సమయంలో ప్రతి మనిషీ ఆర్తుడే.

ఆపద విశ్వాసాన్ని పెంచుతుందన్నదానికి మంచి ఆధారం ఉంది. 2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరాన్ని కుదిపేసిన భూకంపంలో 185 మంది చనిపోయారు. అంతకుముందు 2009లో ప్రశ్నించినవాళ్లనే పరిశోధకులు మళ్లీ ప్రశ్నించారు. దేశంలో మిగతా చోట్ల మత విశ్వాసం తగ్గుతుంటే భూకంపం తాకినవాళ్లలో పెరిగింది. అయితే కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు తమ ఆరోగ్యం మెరుగైనట్టు అనిపించలేదు. అప్పటిదాకా ఉన్న విశ్వాసాన్ని ఆ కష్టంలో కోల్పోయినవాళ్లు మాత్రం తమ ఆరోగ్యం దిగజారిందని చెప్పారు. మనిషి ఊరటను వెతుక్కుంటూ వస్తాడు నిజమే, అది వెంటనే దొరుకుతుందన్న హామీ మాత్రం లేదు.

ఊరట అసలే లేకుండా నిలిచిన విశ్వాసమూ ఉంది. మదర్ థెరిసా తన ఆత్మిక మార్గదర్శకులకు రాసిన ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాయి. సుమారు 50 ఏళ్ల పాటు లోపల చీకటిని, దేవుడు లేడేమో అనిపించే శూన్యాన్ని ఆమె అనుభవించింది. సేవ మాత్రం ఆగలేదు. ఊరట కోసమే విశ్వాసం అనేవాళ్లు ఆ ఉత్తరాల ముందు కాసేపు ఆగి ఆలోచించాలి.

విశ్వాసం ఊరటనే ఇస్తుందనుకోవడం వల్ల మరో నష్టం జరుగుతోంది. కెన్నెత్ పార్గమెంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో 55 ఏళ్లు, ఆపైబడిన 596 మంది రోగులను రెండేళ్లు గమనించింది. దేవుడు నన్ను వదిలేశాడేమో, నా మీద ఆయనకు ప్రేమ లేదేమో అని మథనపడినవాళ్లలో చనిపోయే ముప్పు 22 నుంచి 28 శాతం ఎక్కువగా కనిపించింది. రోగి పక్కన కూర్చునేవాళ్లు "దేవుడున్నాడు, ధైర్యంగా ఉండు" అని ఊరుకుంటే ఈ మథనం బయటికి రాదు. "దేవుడి మీద కోపంగా ఉందా?" అని నెమ్మదిగా అడగండి. జవాబు వచ్చాక దేవుడి తరఫున వాదించకండి. వాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా వినండి, మర్నాడు మళ్లీ వెళ్లండి.

నమస్కారం.