కారణం రాసివ్వమని అడగండి

(డిసెంబరు 3, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవాన అమలాపురంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, మూడు చక్రాల బళ్ల మీద ఇంత దూరం వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గురించి, అందులోని 21 రకాల వైకల్యాల గురించి మాట్లాడమని పిలిచారు. అవి అధ్యక్షులవారు చెప్పేశారు. నేను పింఛను ఆగిపోయిన ఇళ్ల సంగతి మాట్లాడతాను.

2025 ఆగస్టులో దివ్యాంగుల పింఛన్లు ఆపేస్తామని నోటీసులు వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లలో టెన్షన్ పడ్డారో మీకు తెలుసు. నెలకు 6 వేలు. అందులోనే మందులు, అందులోనే బియ్యం. అంతకు కొన్నేళ్ల ముందే నా దగ్గరికి ఒక కేసు వచ్చింది. కొబ్బరి దింపు తీసే మనిషి. చెట్టు మీంచి పడి వెన్నుపూస విరిగింది. నడుం కింద స్పర్శ లేదు. వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు రాసిచ్చే సదరం సర్టిఫికెట్ ఉంది, పింఛనూ వచ్చేది. ఒక నెల రాలేదు. భార్య ఆఫీసుకెళ్తే చేతిలో కాగితం పెట్టారు. ‘అర్హత లేదు’ అని ఒక్క ముక్క. ఎవరు చూశారు, ఎంత శాతం వేశారు, ఏమీ లేదు.

ఆవిడ నాతో అంది: “ఆయన్ని ఎవరూ చూడనే లేదండీ. మరెలా రాశారండీ?”

ఆ ప్రశ్ననే పిటిషన్‌లో పెట్టాను. అప్పుడొచ్చింది కౌంటరు, అంటే అధికారుల జవాబు, పేజీలకు పేజీలు! వైకల్యాన్ని మళ్లీ పరీక్షించే క్యాంపుకు రమ్మంటే రాలేదట, అందుకే ఆపారట. మంచం దిగలేని మనిషి క్యాంపుకు ఎలా వస్తాడు, మీరే చెప్పండి. పైగా ఆ పిలుపు ఆ ఇంటికి చేరినట్టు ఒక్క సంతకం లేదు. ఆర్డరులో లేని కారణాన్ని తర్వాత అఫిడవిట్‌లో చేర్చి నిలబెట్టుకోకూడదని మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. హైకోర్టు ఆ కాగితాన్ని కొట్టేసింది. డాక్టరును ఇంటికి పంపి చూడమంది, కారణాలు రాసి నిర్ణయించమంది. ఇంత మాటకు అమరావతి దాకా వెళ్లాలా? నాకిప్పటికీ కోపమే. ఈలోగా ఆవిడ చెవి కమ్మలు తాకట్టుకు వెళ్లిపోయాయి.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. కోర్టు మీ కాలు కొలవదు. 35 శాతాన్ని పింఛనుకు కావాల్సిన 40 చెయ్యదు. శాతం తప్పని మీరనుకుంటే ఆ 2016 చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. ముందు అది వేయండి. కోర్టు చూసేది వేరు: నోటీసు ఇచ్చారా, మీ మాట విన్నారా, కారణం రాశారా. ఈ మూడూ లేకుండా ఆపేస్తే నేరుగా హైకోర్టులో రిట్ పిటిషన్ వేయొచ్చు. కేసు తేలేదాకా పింఛను ఆపకుండా మధ్యంతర ఉత్తర్వులూ అడగొచ్చు.

లాయరు ఫీజు ఎక్కడ తెస్తాం అంటున్నారా, ఆ వెనక బెంచీలో అమ్మా? 1987 న్యాయసేవల చట్టం ప్రకారం దివ్యాంగులకు లాయరును ఉచితంగా ఇవ్వాలి. ఆదాయం ఎంతని చూడరు. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి.

నోటీసు తెచ్చుకున్నవాళ్లు భోజనాలకు లేచేముందు నాకు చూపించండి. జిరాక్సు నాకివ్వండి, ఒరిజినల్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. అసలు కాగితమే ఇవ్వకుండా నోటిమాటతో పంపేసినవాళ్లుంటే ముందు మీరే రండి. ఇక్కడే కూర్చుని దరఖాస్తు రాద్దాం.