బాడీ మార్చాలా, లెన్స్ మార్చాలా? పాడైన ఫొటోలే చెప్తాయి

నమస్తే అండీ. నా వెనకాల కనిపిస్తున్నది మన విశాఖ ఫిషింగ్ హార్బర్. ఇంకా పూర్తిగా తెల్లారలేదు, బోట్లు ఒక్కొక్కటీ వస్తున్నాయి, అటువైపు వేలం కూడా మొదలైంది. కెమెరా బాడీ గురించి, అంటే లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరా గురించి, చెప్పడానికి ఇక్కడికే ఎందుకు వచ్చానంటే, నా పాత కెనాన్ 1500డి నాకు ఎక్కడ సరిపోయిందో, ఎక్కడ చాలలేదో ఈ గట్టు మీదే తెలిసింది.

కొత్త బాడీ కొనాలని అనుకోగానే నేను ముందు ఒక పని చేశాను. ఏడాది పాటు తీసిన ఫొటోలు కంప్యూటర్‌లో తెరిచి, పాడైనవన్నీ ఒక ఫోల్డర్‌లో వేశాను. ప్రతి ఫొటోతో పాటు షటర్ స్పీడ్ (షటర్ ఎంతసేపు తెరిచి ఉందో), ఐఎస్ఓ (వచ్చిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపిందో), ఎన్ని ఎంఎంలో తీశామో (లెన్స్ ఎంత జూమ్‌లో ఉందో) కూడా ఉంటుంది కదా, వాటిని చూస్తూ కూర్చున్నాను. దయచేసి మీరూ ఈ పని చేయండి, ఒక ఆదివారం చాలు.

ఈ ఫొటో చూడండి. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ నడుస్తోంది. కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్స్, 55 ఎంఎం, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 6400. మొహం అంతా గ్రెయిన్, ఇసుక చల్లినట్టు చుక్కలు. ఇది చూసి బాడీ మార్చాలి అనుకుంటాం. కానీ ఇక్కడ తక్కువైంది వెలుతురు. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి పంపిస్తుంది. అదే బాడీకి 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ పెడితే లోపలికి దాదాపు పది రెట్లు వెలుతురు వస్తుంది. అంటే 6400 అవసరమైన చోట 640 దగ్గరే పని అయిపోతుంది. మీ ఫోల్డర్ నిండా ఇలాంటివే ఉంటే బాడీ జోలికి వెళ్లకండి. ఈ లెన్స్ కొనండి, మిగిలిన డబ్బు దాచుకోండి.

ఇప్పుడు ఇంకో ఫొటో. చేప ముక్క కోసం గద్ద కిందికి దూకుతోంది. ఎండ బాగా ఉంది, షటర్ స్పీడ్ సెకనులో 2000వ వంతు ఉంది, లెన్స్‌లో లోపం లేదు. అయినా ఫోకస్ వెనకున్న బోటు మీద పడింది. 1500డిలో ఫోకస్ పాయింట్లు 9, సెకనుకు తీసేది 3 ఫొటోలు. గద్ద దూకి చేప అందుకుని లేచేది కళ్లు మూసి తెరిచేలోపు. ఆ మూడింట్లో ఒక్కటి కుదిరితే గొప్ప. నా ఫోల్డర్‌లో ఎక్కువ భాగం ఇవే, కంబాలకొండలో తీసిన పక్షులతో కలిపి. ఇది మాత్రం బాడీ మారిస్తేనే పోయే ఇబ్బంది.

అందుకే నేను కెనాన్ ఆర్10 తీసుకున్నాను. 2022లో వచ్చిన మోడల్. నిజంగా తెర కదిలే మెకానికల్ షటర్‌తోనే సెకనుకు 15 ఫొటోలు తీస్తుంది, పక్షిని గుర్తుపట్టి దాని వెంటే వెళ్తుంది. నా పాత 55-250 ఎంఎం జూమ్ లెన్స్, పాత లెన్సును కొత్త బాడీకి కలిపే అడాప్టర్‌తో చక్కగా పనిచేస్తోంది. ఒక్క జాగ్రత్త. ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలు తీసేటప్పుడు స్పీడ్ కోసం ఎలక్ట్రానిక్ షటర్ పెట్టకండి. అందులో తెర కదలదు, వెలుతురును పట్టుకునే సెన్సారే ఫొటోను వరసవరసగా చదువుతుంది. హెలికాప్టర్ రెక్కలు వంగిపోయినట్టు వస్తాయి.

ఫుల్ ఫ్రేమ్, అంటే ఇంకా పెద్ద సెన్సార్ ఉన్న కెనాన్ ఆర్8 వైపు నాకూ మనసు లాగింది. తక్కువ వెలుతురులో చాలా మంచి కెమెరా, బరువూ తక్కువే. కానీ నా 55-250 ఇఎఫ్-ఎస్ లెన్స్, అంటే చిన్న సెన్సార్ కెమెరాల కోసం చేసింది. దాన్ని ఆర్8కి పెడితే చుట్టూ కోసేసి మధ్య భాగాన్నే వాడుకుంటుంది. 24 మెగాపిక్సెల్ కెమెరా కొని 9 మెగాపిక్సెల్ ఫొటోలు తీయాలి. పక్షుల కోసం అంత పొడవైన ఫుల్ ఫ్రేమ్ లెన్స్ కొనాలంటే బాడీ కంటే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. మీరు ఎక్కువగా మనుషులనూ, సాయంత్రం వేళ వీధులనూ తీసేవాళ్లయితే లెక్క వేరు, అప్పుడు ఆర్8 గురించి తప్పకుండా ఆలోచించండి.

పెళ్లిళ్లు తీసేవాళ్లకు ఒక మాట. గాజువాకలో నా స్నేహితుడికి తలంబ్రాల ఫొటోలున్న కార్డు పాడైంది. పెళ్లికూతురి అమ్మగారికి ఆ సంగతి చెప్పడానికి వెళ్లినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. డబ్బు తీసుకుని తీస్తున్నారంటే రెండు కార్డులు పట్టే బాడీయే కొనండి. ఆర్10లో, ఆర్8లో ఒకటే స్లాట్. ఆర్7లో రెండున్నాయి, చేతి వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ కూడా బాడీలోనే ఉంది. కైలాసగిరి మీద నుంచి రాత్రి ఊరిని చేత్తో పట్టుకుని తీయడానికి అది బాగా పనికొస్తుంది. నడిచే మనిషి బ్లర్ అయితే మాత్రం అది ఆపలేదు, దానికి షటర్ స్పీడే కావాలి.

మన ఊరి గాలి సంగతి కూడా బడ్జెట్‌లో కలపండి. ఏసీ గదిలోంచి నేరుగా బీచ్‌కి తెస్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, అరగంట బ్యాగులోనే ఉంచండి. ఇంటికెళ్లాక ఉప్పు తేమను కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. లోపల తేమ చేరనివ్వని డ్రై క్యాబినెట్ కొనగలిగితే కొనండి, లేదంటే మూత గట్టిగా ఉన్న డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ వేసి పెట్టండి. ఫంగస్ పట్టిన లెన్స్‌కి ఏ కొత్త బాడీ సాయం చేయలేదు.

కొనే ముందు ఒక్కరోజు అద్దెకు తీసుకోండి. అడాప్టర్ కూడా అడిగి తీసుకోండి, లేకపోతే మీ పాత లెన్సులు దానికి ఎక్కవు. షాపులో నాలుగు ఫొటోలు తీసి ఇచ్చేయకుండా, మీ ఫోల్డర్‌లో పాడైన ఫొటో ఎక్కడ తీశారో అక్కడికే, అదే టైముకి వెళ్లండి. నేను ఆర్10ని మొదటిసారి ఇక్కడికే తెచ్చాను. అదిగో, గద్దలు వచ్చేశాయి. కెమెరా ఇటు తిప్పుతున్నాను, చూడండి.