పెన్నా మడుగుల్లో కొర్రమీను: గాలం వేయడం నుంచి పులుసు దించేదాకా

నమస్కారం అండీ. కొండవాగుల్లో ట్రౌట్ చేపను గాలంతో పట్టే వీడియోలు చూసి, మన పెన్నాలో కూడా అట్లా పడుతుందేమో అనుకునేవాళ్లు చాలామంది. పడదు. ట్రౌట్‌కి చల్లగా పారే నీళ్లు కావాలి. నీళ్లు 20 డిగ్రీలు దాటేసరికే దానికి ఇబ్బంది మొదలవుతుంది. అందుకే మన దేశంలో కశ్మీర్, హిమాచల్, ఊటీ, మున్నార్ లాంటి కొండ ప్రాంతాల్లోనే బతుకుతుంది. నెల్లూరు ఎండకి మడుగుల్లో నీళ్లు 30 దాటిపోతాయి. ఆ నీళ్లలో దర్జాగా ఉండేది కొర్రమీను.

ఎట్లా ఉంటుందంటే, దీనికి మొప్పలు ఒక్కటే కాదు, తలలో మొప్పల పైన గాలి అరలు కూడా ఉంటాయి. నీళ్ల పైకొచ్చి నేరుగా గాలి మింగుతుంది. రాకుండా ఉండలేదు. ఈ వేటంతా ఆ ఒక్క అవసరం మీదే నడుస్తుంది, కాబట్టి గాలం విసిరే ముందు పది నిమిషాలు ఊరకే కూర్చుని నీళ్లు చూడండి. గుర్రపు డెక్క అంచున, తూటికాడల సందున, తామరాకుల పక్కన ‘గుబుక్’ అని మెత్తటి చప్పుడొచ్చి, ఒక వలయం లేచి, వెనకాలే నాలుగు బుడగలు వస్తే అది కొర్రమీను. జిలేబి చేప పైకొచ్చినా చప్పుడు అవుతుంది గానీ అది చిన్నగా ‘టప్’ మంటుంది, బుడగలు పెద్దగా ఉండవు. కొర్రమీను ఒక్కసారి లేచిందంటే మళ్లీ అదే చుట్టుపక్కల లేస్తుంది. ఆ చోటు గుర్తు పెట్టుకోండి.

ఫిబ్రవరి నుంచి మే దాకా మంచి కాలం. ఏట్లో పారకం తగ్గి నీళ్లు మడుగులుగా విడిపోతాయి, తేటపడతాయి. పెన్నా, గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు, ఎక్కడైనా ఇదే లెక్క. పొద్దున ఎండ ముదరకముందు, సాయంత్రం నీడలు సాగాక వేయండి. చెరువుల సంగతి వేరు. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సొసైటీలకి ఉంటుంది, వాళ్లు పిల్లలు కొని వదిలిన చేప అది. అడగకుండా గాలం వేయకండి. ఇంకో మాట, పెన్నాలో ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు. మోకాటి లోతు అనుకుని అడుగేస్తే నిలువు లోతుంటుంది. నీళ్లలోకి దిగే పనే పెట్టుకోవద్దు, ఒడ్డు నుంచే వేయండి. పైన సోమశిల డ్యాం నుంచి నీళ్లు వదులుతున్నారని తెలిస్తే ఆ రోజు ఏటికి పోకండి.

ఇప్పుడు సామాను. కర్ర ఆరున్నర, ఏడు అడుగులు, కాస్త గట్టిది. రీలు 2500 లేదా 3000 సైజు. దారం మాత్రం అల్లిన బ్రెయిడ్ కొనండి, 30 నుంచి 40 పౌండ్ల బరువు ఆపేది. తంగూసు, అంటే మామూలు నైలాన్ దారం, ఎందుకు వద్దంటే, అది సాగుతుంది. కొర్రమీను నోరు ఎముకలా గట్టిగా ఉంటుంది. మీరు గుంజిన బలమంతా తంగూసు సాగడానికే పోయి, ముల్లు లోపలికి దిగదు. పైగా చేప పడగానే డెక్కలోకి దూరుతుంది. అక్కడ బ్రెయిడ్ కాడల్ని కోసుకుంటూ వస్తుంది, తంగూసు చిక్కుకుని తెగుతుంది.

ఎరగా రబ్బరు కప్ప, 4 నుంచి 6 సెంటీమీటర్లది, 10 గ్రాముల చుట్టుపక్కల బరువు. ఇదిగో, దగ్గరగా చూడండి. రెండు ముళ్లు కప్ప వీపుకి ఆనుకుని పైకి చూస్తున్నాయి. అందుకే చెత్తలో తగులుకోదు. చేప కొరికినప్పుడు రబ్బరు నొక్కుకుపోయి ముళ్లు బయటపడతాయి. కొనేటప్పుడు వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉన్న కప్పతో ఎన్ని కాట్లు పడినా చేప పడదు.

ముడి ఇట్లా వేయాలి. దారాన్ని రెండు పేటలు చేసి కప్ప ముక్కు దగ్గరి రింగులోంచి దూర్చండి. ఆ జంట పేటతో వదులుగా ఒక ముడి వేయండి. చివర మిగిలిన ఉచ్చులోంచి కప్పని మొత్తంగా దాటించండి. ఉమ్మితో గానీ నీళ్లతో గానీ తడిపి, మెల్లగా బిగించండి. తడపకుండా లాగితే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది.

చేప లేచిన చోటనే కప్పని పడేయకండి, బెదిరిపోతుంది. రెండు మీటర్లు అవతల పడేసి, చిన్న చిన్న కుదుపులతో ఆ చోటికి తీసుకురండి. డెక్క మీద నుంచి ఖాళీ నీళ్లలోకి దిగగానే మూడు నాలుగు సెకన్లు ఆపండి. కాటు ఎక్కువగా అక్కడే పడుతుంది.

అందరూ చెడగొట్టుకునేది ఆ తర్వాతి క్షణం. నీళ్లు భళ్లుమంటాయి, చెయ్యి దానంతట అదే గుంజేస్తుంది, కప్ప గాల్లో ఎగిరి మీ దగ్గరికొస్తుంది. చప్పుడుకి గుంజకూడదు. కర్ర కొనని కిందకి దించి, ‘ఒకటి, రెండు’ అనుకుని, దారం వదులు చుట్టి, బరువు చేతికి తగిలాక అప్పుడు గట్టిగా పైకి లాగాలి. లాగాక ఆగొద్దు. ఆగితే డెక్కలో దూరుతుంది. నాలుగైదు కాట్లు వరసగా తప్పితే కప్పని పిండి చూడండి, లోపల నీళ్లు చేరి బరువెక్కి ఉంటుంది.

నీళ్ల మీద నారింజ రంగు పిల్లలు గుంపుగా, చినుకులు పడ్డట్టు లేస్తుంటే అక్కడ వేయకండి. కింద తల్లీతండ్రీ కాపలా కాస్తుంటాయి, కనపడిన ప్రతిదాన్నీ కొడతాయి, చాలా తేలిగ్గా పడతాయి. అది వేట కాదు. కాపలా పోయిందంటే ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. అడుగు కన్నా చిన్న చేపను కూడా వదిలేయండి. ముల్లు తీయడానికి వేళ్లు పెట్టొద్దు, పళ్లుంటాయి, పటకారు వాడండి. ఎర్రలు గుచ్చి బెండు గాలం వేసేవాళ్లకి ఒక్క హెచ్చరిక: నల్లగా సన్నగా ఉండే ఇంగిలికం చేప పడితే చేత్తో పట్టుకోకండి. పక్క రెక్కల ముల్లులో విషం ఉంటుంది, గుచ్చుకుంటే గంటల తరబడి సలుపుతుంది.

ఇంటికి తెచ్చేటప్పుడు మూత బిగుతుగా ఉన్న బకెట్లో తేండి. నీళ్లు లేకున్నా తడిగా ఉంటే గంటలు బతుకుతుంది, సంచిలోంచి ఎగిరిపోతుంది. కోసేముందు తల మీద ఒక్క దెబ్బ గట్టిగా కొట్టండి. కొన ఊపిరితో ఉన్నదాన్ని కోయడం దానికీ బాధ, మీ వేళ్లకీ ప్రమాదం.

తోక నుంచి తల వైపు పొలుసు గీకండి. పొట్ట చీల్చేటప్పుడు కత్తి లోతుగా దించకండి. కార్జానికి అంటుకుని ఆకుపచ్చ తిత్తి ఉంటుంది, అది చితికితే ఎంత కడిగినా చేదు పోదు. మొప్పలు పూర్తిగా తీసేయండి. తర్వాత బూడిద, లేకపోతే కల్లుప్పు పట్టించి గరుకు రాయి మీద తోమండి. జిగట పోయి చర్మం పట్టుకుంటే జారకూడదు, అంతవరకు. నీచు వాసన వచ్చిందని మసాలా పెంచుతారు కొందరు. తప్పు మసాలాది కాదు, తోమడంలో ఉంది. ముక్కలు అంగుళం మందాన కోసి, ఉప్పూ పసుపూ పట్టించి అరగంట ఉంచండి. అప్పుడే చచ్చిన చేపను వెంటనే ఉడికిస్తే ముక్క ముడుచుకుపోయి విరుగుతుంది.

పులుసుకి కిలో ముక్కల లెక్క చెప్తున్నాం. చింతపండు 60 గ్రాములు, వేడినీళ్లలో నానబెట్టి పిసికి మొత్తం 600 మిల్లీలీటర్ల రసం తీయండి. పుల్లమామిడికాయ ఒకటి. కాయ దొరకని రోజుల్లో చింతపండు 90 గ్రాములు చేయండి. ఉల్లిపాయలు 2, టొమాటోలు 2, పచ్చిమిర్చి 5, వెల్లుల్లి 10 రెబ్బలు, కారం 3 పెద్ద చెంచాలు, నూనె 100 మిల్లీలీటర్లు. నూనె ఎక్కువనిపిస్తుంది గానీ తగ్గించకండి. పొడికి ధనియాలు 2 పెద్ద చెంచాలు, జీలకర్ర 1 చిన్న చెంచా, మెంతులు, ఆవాలు అర చెంచా చొప్పున. మెంతులు విడిగా వేయించి, బంగారు రంగు రాగానే దించండి. నల్లబడితే పులుసంతా చేదు.

వెడల్పాటి మట్టి దాకలో నూనె కాగాక ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, తర్వాత ఉల్లి, పచ్చిమిర్చి, వెల్లుల్లి. ఉల్లి మెత్తబడ్డాక టొమాటో. అది గుజ్జయ్యాక మంట తగ్గించి కారం వేసి అర నిమిషం తిప్పి, మాడకముందే చింతపండు రసం పోసి ఉప్పు వేయండి. నూనె పైకి తేలేదాకా 10, 12 నిమిషాలు బాగా మరగాలి. పచ్చి పులుసులో చేప వేస్తే, పులుసు మరిగేలోపు ముక్క చితికిపోతుంది.

ఇప్పుడు ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. తలకాయని రెండుగా చీల్చి ముందు వేయండి. ఇక గరిటె పెట్టే పని లేదు. గుడ్డతో దాక అంచులు పట్టుకుని గుండ్రంగా కుదపండి. 5 నిమిషాలకి మామిడి ముక్కలు టెంకతో సహా వేయండి, ముందే వేస్తే కరిగిపోతాయి. ఇంకో 5, 6 నిమిషాలకి పొడి, కొత్తిమీర చల్లి దించేయండి. దాక వేడికి లోపల ఇంకా ఉడుకుతూనే ఉంటుంది, ఆ లెక్కతోనే కాస్త ముందు దించాలి.

వేడివేడిగా తింటే పులుపు ఒకవైపు, ముక్క ఒకవైపు ఉంటాయి. రాత్రి వండి మర్నాడు తినండి. చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున దాక మొత్తం వేడి చేయొద్దు, కావాల్సినన్ని ముక్కలు చిన్న గిన్నెలోకి తీసుకుని సన్న సెగ మీద ఒక్క ఉడుకు రానివ్వండి. పక్కన మొలగొలుకుల అన్నం ఉంటే ఇంకేం అక్కర్లేదు.