నీటికాసుల చుక్కలు - కార్నియా పాట్లు
(విశాఖపట్నంలో సీనియర్ సిటిజన్ల సమావేశంలో ఒక కంటి వైద్యుడి ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దలు కొందరు అప్పుడే కళ్ళు తుడుచుకుంటున్నారు. నా ఉపన్యాసానికి కన్నీళ్ళు రావడానికి ఇంకా టైముంది కనుక, అది చుక్కల మందు పనే అయ్యుండాలి.

మన ఊళ్ళో కన్ను ఎర్రబడితే పోర్టు దుమ్మంటాం, బీచి గాలంటాం. నీటికాసులకు, అంటే కంట్లోని ప్రెషర్ కంటి నరాన్ని దెబ్బతీసే గ్లకోమాకు, ఏళ్ళ తరబడి చుక్కలు వేసుకునేవారు మాత్రం ముందు ఆ సీసానే అనుమానించాలి. అందులో మందుతోపాటు, మందు చెడిపోకుండా బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ కూడా చాలావాటిలో ఉంటుంది. అది సబ్బు జాతి రసాయనం. కన్నీటి మీద ఉండే నూనె పొరను చెదరగొడుతుంది, కార్నియా, అంటే నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పొర, దాని పైభాగంలో కణాల మధ్య అతుకుల్ని వదులు చేస్తుంది. మేం రంగు వేసి నీలం లైటులో చూస్తే పైన సన్నటి చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. ఇసుక పడ్డట్టు గరగర, మంట, మసక, అన్నీ అక్కడివే. సీసాలు పెరిగేకొద్దీ ఈ బాధా పెరుగుతుంది.

ఇక మందుల సంగతి. టిమోలాల్ కార్నియా స్పర్శను కొంత తగ్గిస్తుంది. కన్ను పొడిబారినా కొందరికి తెలియదు. లాటనోప్రోస్ట్ వాడేవారికి గతంలో కంట్లో హెర్పిస్ అనే వైరస్ పుండు వచ్చి ఉంటే అది తిరగబెట్టవచ్చు, కాబట్టి ఆ సంగతి దాచకండి. లాటనోప్రోస్ట్ కార్నియా మందాన్నీ కాస్త తగ్గించవచ్చు. సగటున 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు ఉండే ఆ పొర పలచగా ఉంటే కంటి ప్రెషర్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మందం కొలిచే పరీక్ష రాస్తే ‘ఇదెందుకు’ అని విసుక్కోకండి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది డోర్జోలమైడ్. కార్నియా లోపలి వైపు ఒకే ఒక్క వరస కణాలుంటాయి. వానాకాలం అపార్టుమెంటు సెల్లారులో నీరు తోడే మోటారులాగా, కార్నియాలోకి ఊరే నీటిని అవి నిరంతరం బయటికి తోడుతుంటాయి. చచ్చిన కణం స్థానంలో కొత్తది పుట్టదు. ఆ తోడే పనికి సాయపడే ఎంజైమునే ఈ మందు అణచివేస్తుంది. ఆరోగ్యమైన కంటికి ఇబ్బంది ఉండదు గానీ, ఈ కణాలు క్రమంగా దెబ్బతినే ఫుక్స్ జబ్బున్నవారికీ, ఆపరేషన్లతో ఈ కణాలు తగ్గిపోయినవారికీ కార్నియా ఉబ్బి చూపు మసకబారవచ్చు.

ఇదంతా విని ఈ రాత్రి చుక్క మానేస్తే నేను వచ్చి చెడగొట్టినట్టే. మానేస్తే మంట తగ్గి హాయిగా ఉంటుంది, నిజమే. ప్రెషర్ మాత్రం చాలామందికి నొప్పి లేకుండానే పెరిగి నరాన్ని తినేస్తుంది, పోయిన చూపు మళ్ళీ రాదు. కార్నియా పైపొర బాధ చాలావరకు మందు మారిస్తే సర్దుకుంటుంది. ప్రిజర్వేటివ్ లేని చుక్కలున్నాయి, ధర కాస్త ఎక్కువే. రెండు మందులు కలిపిన ఒకే సీసా ఉంది. కొందరికి లేజర్ చికిత్స సరిపోతుంది.

వేసుకునేటప్పుడు ఒక్క చుక్క చాలు. రెండోది చెంప మీదికే. కన్ను మూసి, ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు నొక్కండి. రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగండి. సీసా మూతి కంటికి తగలనివ్వకండి. కాంటాక్ట్ లెన్స్ తీసి వేసుకోండి, పావుగంట తర్వాతే మళ్ళీ పెట్టుకోండి.

సీసాలు వెంట తెచ్చుకున్నవారు ఇటు వచ్చి లేబుళ్ళు చూపించండి. కళ్ళజోడు మరిచిపోయినవారికి నేనే చదివిపెడతాను.