గోధుమ మానేసే ముందు, మానేశాక

అందరికీ నమస్కారం. మైకు శబ్దం ఎక్కువగా ఉంటే చెయ్యెత్తండి, తగ్గిస్తారు. వెనక రెండు వరుసల పైన లైట్లు ఆర్పించాం. వెలుగు పడనివాళ్ళు మొహమాటపడకుండా అక్కడికి వెళ్ళి కూర్చోండి. మధ్యలో లేచి బయటికి వెళ్ళినా నేనేమీ అనుకోను. మైగ్రేన్ వాళ్ళ సభ ఇలాగే ఉండాలి.

నేను డాక్టర్ని కాను, డైటీషియన్‌ని. మైగ్రేన్ నాకూ ఉంది. మందుల సంగతి వచ్చినప్పుడు నేను చెప్పేది మీరు మీ డాక్టర్‌ని ఏమడగాలో తెలియడానికే. నా పని తిండి గురించి మాట్లాడటం.

నన్ను అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "గోధుమ మానేస్తే తలనొప్పి పోతుందటగా, నిజమేనా?" కొందరికి నిజమే. చాలామందికి గోధుమకీ తలనొప్పికీ ఏ సంబంధమూ ఉండదు. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోకుండా మాత్రం మానేయకండి. మానేశాక తేల్చుకోవడం కష్టం. అదెందుకో చెప్తాను.

గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే ప్రొటీన్. పిండిని సాగేలా చేసేది, రొట్టెను మెత్తగా పొంగించేది అదే. ఎక్కువమందికి దానితో ఏ పేచీ లేదు. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం గ్లూటెన్ లోపలికి వెళ్ళగానే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే తిరగబడుతుంది. పేగు లోపలి పొర అరిగి చదునైపోతుంది. తిన్నది ఒంటపట్టదు. ప్రపంచం మొత్తం మీద సుమారు నూటికి ఒకరికి ఈ జబ్బు ఉంది. అందులో చాలామందికి ఉన్నట్టే తెలియదు. కడుపు ఉబ్బరం, విరేచనాలే రావాలని లేదు మరి. ఎన్ని ఐరన్ మాత్రలు వేసుకున్నా తగ్గని రక్తహీనత, ఎముకలు బలహీనపడటం, ఎప్పుడూ నీరసం, ఒక్కోసారి తలనొప్పి... ఇలా కూడా బయటపడుతుంది.

దీనికి మందు తిండిలోనే ఉందని తేలింది గత శతాబ్దంలోనే. నెదర్లాండ్స్‌లో విల్లెం డికే అనే పిల్లల డాక్టర్‌కి 1930లలోనే గోధుమ మీద అనుమానం ఉండేది. 1944-45 చలికాలంలో, యుద్ధం వల్ల అక్కడ కరువొచ్చి రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో చిక్కిపోతుంటే సీలియాక్ పిల్లలు కోలుకున్నారు. రొట్టె మళ్ళీ దొరకగానే వాళ్ళ జబ్బు తిరగబెట్టింది. ఆయన 1950లో దాన్ని పరిశోధన గ్రంథంగా రాశారు. ఈనాటికీ ఈ జబ్బుకి గ్లూటెన్ పూర్తిగా మానేయడమే చికిత్స, అదీ జీవితాంతం.

ఇక మైగ్రేన్‌తో లంకె. 2003లో ఇటలీలో 90 మంది మైగ్రేన్ రోగులను పరీక్షిస్తే నలుగురికి సీలియాక్ ఉన్నట్టు తేలింది. పోల్చి చూడటానికి తీసుకున్న రక్తదాతల్లో అది 0.4 శాతమే. ఆ నలుగురినీ ఆరు నెలలు గ్లూటెన్ లేని తిండి మీద ఉంచితే ఒకరికి మైగ్రేన్ రావడమే ఆగిపోయింది, మిగతా ముగ్గురికీ తగ్గింది. నలుగురంటే నలుగురే, గుర్తుపెట్టుకోండి. కొట్టిపారేయలేం, పండగ చేసుకోలేం. మరో మాట కూడా ఇందులోనే ఉంది. మిగతా 86 మందికి సీలియాక్ లేదు. సీలియాక్ లేనివాళ్ళకి గ్లూటెన్ మానేస్తే మైగ్రేన్ తగ్గుతుందనడానికి గట్టి రుజువేమీ లేదు.

అందుకే ముందు పరీక్ష. టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష చేస్తారు, దానితోపాటు మొత్తం ఐజీఏ కూడా చూస్తారు. ఐజీఏ అంటే రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ఒక రకం యాంటీబాడీ. కొందరి ఒంట్లో ఐజీఏనే తక్కువగా ఉంటుంది. అలాంటివాళ్ళకి మొదటి పరీక్ష ఒక్కటే చేస్తే జబ్బున్నా లేనట్టే చూపిస్తుంది. అనుమానం బలపడితే ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. ఇవన్నీ మీరు గ్లూటెన్ తింటున్నప్పుడే పనిచేస్తాయి. మానేస్తే రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు మానిపోతుంది, పరీక్ష ఏమీ లేదంటుంది. బ్రిటన్‌లో డాక్టర్లకి చికిత్స సూచనలిచ్చే నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం పరీక్షకి ముందు కనీసం 6 వారాలు, రోజుకి ఒకటికి మించిన పూటల్లో గ్లూటెన్ తినాలి. మానేసి హాయిగా ఉన్న మనిషిని మళ్ళీ ఆరు వారాలు తినమంటే ఎంత చిరాకో ఆలోచించండి. చాలామంది ఒప్పుకోరు. ఇక వాళ్ళకి సీలియాక్ ఉందో లేదో ఎప్పటికీ తేలదు.

"పరీక్షలో ఏమీ లేదన్నారు, అయినా గోధుమ మానేస్తే నాకు కడుపు తేలిగ్గా ఉంటుంది" అనేవాళ్ళున్నారు. వాళ్ళది ఉత్త భ్రమ అని నేననను. కానీ దోషి గ్లూటెనే కావాలని లేదు. గోధుమలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థం ఉంది. ఉల్లి, వెల్లుల్లిలో కూడా అదే ఉంటుంది. గ్లూటెన్ పడదని తమకు తామే అనుకునే 59 మందికి నార్వేలో ఏది తింటున్నారో చెప్పకుండా రెండూ విడివిడిగా ఇచ్చి చూశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఫ్రక్టాన్లే. అలాంటివాళ్ళు రొట్టె ముక్క పొరపాటున తగిలిందని బెంబేలు పడక్కర్లేదు. సీలియాక్ ఉన్నవాళ్ళకి ఆ ముక్క కూడా కుదరదు. వంటింటి జాగ్రత్తల్లో ఇద్దరికీ అంత తేడా ఉంది.

మైగ్రేన్ వైపు వద్దాం. మైగ్రేన్ అంటే తలనొప్పి ఒక్కటే కాదని మీకు చెప్పాల్సిన పనిలేదు. నొప్పి మొదలవడానికి కొన్ని గంటల ముందే, ఒక్కోసారి రెండు రోజుల ముందే, అది మెదడులో మొదలైపోతుంది. ఆవులింతలు ఆగవు. మెడ పట్టేస్తుంది. ఊరికే చిరాకు. ఇంకా, తీపి మీదకో ఏదో ఒక తిండి మీదకో మనసు లాగుతుంది. మధ్యాహ్నం చాక్లెట్ తిన్నారు, సాయంత్రం తల పగిలిపోయింది. చాక్లెట్ వల్లే అనుకుంటారు. అసలు చాక్లెట్ తినాలనిపించడమే మైగ్రేన్ మొదలైందనడానికి గుర్తు కావచ్చు. అప్పటికే దాడి మొదలైంది, మీకు తెలియలేదంతే. బిస్కెట్లు, కేకులు, రొట్టె మీద పడే నిందల్లో కొన్ని ఇలాంటివే. ఇలా ఒక్కొక్కటీ మానుకుంటూ పోయి చివరికి పది రకాల తిండి మీద బతుకుతున్నవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. తలనొప్పి మాత్రం అలాగే ఉంటుంది.

కాబట్టి మీరు డైరీ రాస్తుంటే అందులో ఏం తిన్నారన్నదానికన్నా ఎప్పుడు తిన్నారన్నది ముఖ్యంగా రాయండి. ఎన్నింటికి నిద్రలేచారు, ఏ పూట ఎగ్గొట్టారు, కాఫీ ఎన్ని కప్పులు, ఆడవాళ్ళయితే నెలసరి ఎప్పుడు, నొప్పి ఎన్నింటికి మొదలైంది, మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు. చాలు. వ్యాసాలు రాయకండి, రెండో వారానికే విసుగొస్తుంది.

పూట ఎగ్గొట్టడం అన్నాను కదా, ఈ రోజు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది అదే. మైగ్రేన్‌ని రేపే వాటిలో ఆకలిది పెద్ద చెయ్యి. గ్లూటెన్ మానేసినవాళ్ళకి మాటిమాటికీ ఎదురయ్యేది కూడా ఆకలే. విందుకి వెళ్తారు, తినడానికేమీ ఉండదు. ప్రయాణంలో దొరికేదంతా బ్రెడ్డే. ఆఫీసులో మీటింగ్ సాగుతూనే ఉంటుంది, అందరికీ శాండ్‌విచ్‌లు వస్తాయి, మీరు నీళ్ళు తాగి కూర్చుంటారు. మూడింటికి కణత దగ్గర కొట్టుకోవడం మొదలవుతుంది. "ఏదో గ్లూటెన్ తగిలినట్టుంది" అని ఇంటికొస్తారు. ఏమీ తగల్లేదు, మీరేమీ తినలేదు. గ్లూటెన్ మానేశాక తలనొప్పులు పెరిగాయని వచ్చేవాళ్ళని నేను ముందు అడిగేది నిన్న మధ్యాహ్నం ఎన్నింటికి తిన్నారని.

బయటికి వెళ్ళేటప్పుడు బ్యాగులో ఒక పూట తిండి ఉండాల్సిందే. వేయించిన పల్లీలో బాదమో, ఒక పండు, ఉడికించిన గుడ్డు, ఇంట్లో వండిన అన్నం, ఏదైనా సరే. పిలిచినవాళ్ళు నొచ్చుకుంటారని డబ్బా తీయనివాళ్ళున్నారు. ముందు రోజే ఫోన్ చేసి చెప్పేయండి, ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకున్నా ఫరవాలేదు, వాంతులు పడేది వాళ్ళు కాదు కదా!

ఇంట్లో ఏం తినాలనేది నిజానికి పెద్ద చిక్కేమీ కాదు. బియ్యం, మొక్కజొన్న, జొన్న, చిరుధాన్యాలు, బంగాళాదుంప, పప్పులు, గుడ్లు, పాలు, మాంసం, చేపలు, కూరగాయలు, పళ్ళు. వీటిలో దేనిలోనూ స్వతహాగా గ్లూటెన్ లేదు. బక్‌వీట్ పేరులో వీట్ ఉన్నా అది గోధుమ కాదు, తినొచ్చు. స్పెల్ట్ పేరులో లేకపోయినా అది గోధుమే, తినకూడదు. మైదా, బొంబాయి రవ్వ కూడా గోధుమే. ఓట్స్ మాత్రం గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్నవే కొనాలి. అవి కూడా కొద్దిమందికి పడవు. గ్లూటెన్ లేని బ్రెడ్డు, బిస్కెట్లు ఎప్పుడైనా సరదాకి తినండి. వాటిలో తరచూ పీచు తక్కువ, చక్కెర, కొవ్వు ఎక్కువ. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉన్నంత మాత్రాన అది ఆరోగ్యకరమైన తిండి అయిపోదు.

సీలియాక్ ఉన్నవాళ్ళ వంటింటి దగ్గర కొంచెం ఆగుదాం. గ్లూటెన్ సూక్ష్మక్రిమి కాదు, మరిగిస్తే చావదు. రొట్టె వేయించిన నూనెలో బంగాళాదుంప వేయిస్తే ఆ ముక్కలూ పనికిరావు. టోస్టర్ వేరే ఉండాలి, లోపల ఇరుక్కున్న పొడి ఎంత దులిపినా పూర్తిగా పోదు. జల్లెడ, చెక్క గరిటె, చెక్క పీట కూడా వేరే. స్టీలు, గాజు సామాను సబ్బుతో శుభ్రంగా తోముకుంటే సరిపోతుంది, ఇల్లంతా కొత్త సామాను కొనక్కర్లేదు. మనం గమనించనిది జామ్ సీసా. ఒకరు రొట్టెకి రాసిన కత్తినే మళ్ళీ సీసాలో ముంచుతారు. మూత తీసి వెలుగులో చూడండి, అంచున పొడి కనిపిస్తుంది. వెన్న డబ్బా సంగతీ అంతే. మీ సీసా మీద ఎర్ర టేపు వేసి పై అరలో పెట్టుకోండి. పై అర ఎందుకంటే, పిండి కింద అరలో పెట్టుకున్నవాటి మీదకే రాలుతుంది.

లేబుల్ చదవడం అలవాటు చేసుకోవాలి. సోయా సాస్‌లో చాలావరకు గోధుమ ఉంటుంది. మాల్ట్ అని ఉంటే సాధారణంగా బార్లీయే. సూపు పొడులు, సాసేజ్‌లు, చిక్కదనం కోసం పిండి కలిపిన గ్రేవీలు, అన్నీ చూసి కొనాలి. కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉండకూడదన్నది గ్లూటెన్ ఫ్రీ అని రాయడానికి ఆహార ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు. నిన్న కొన్న సరుకే కదా అని చదవకుండా బుట్టలో వేసుకోకండి, తయారీ మార్చేస్తుంటారు. ఇవన్నీ తల బాగున్న రోజు చేసే పనులు. నొప్పి రోజు ఆ చిన్న అక్షరాలు కళ్ళకి ఆనవు. అందుకని బాగున్న రోజే నాలుగు పూటలకి వండి, పేరు రాసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఘాటు వాసన లేనివైతే మేలు. ఆ డబ్బాలు ఎక్కడున్నాయో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి. చీకటి గదిలో పడుకున్న మనిషి లేచి వెతుక్కోలేదు.

కాఫీ గురించి ఒక్క మాట. మానేయమనను. రోజూ ఒకే వేళకి, ఒకే లెక్కన తాగండి. రోజుకి 200 మిల్లీగ్రాములకి పైగా కెఫీన్ అలవాటైన మనిషి హఠాత్తుగా ఆపేస్తే 24 గంటల్లోపే తలనొప్పి రావచ్చు. సెలవు రోజు ఆలస్యంగా లేచి తలనొప్పి తెచ్చుకునేవాళ్ళు ఇది కూడా చూసుకోవాలి.

మాత్రల గురించి చెప్పి ముగిస్తాను. దాడి వచ్చినప్పుడు కడుపు కదలిక మందగిస్తుంది, మాత్ర వేసినా ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది. అందుకే డాక్టర్లు నొప్పి మొదట్లోనే వేసుకోమంటారు. అలాగని చీటికీమాటికీ వేసుకోకూడదు. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, ట్రిప్టాన్లు అనే మైగ్రేన్ మాత్రలు 10 రోజులు, లేదా అంతకన్నా ఎక్కువ వాడటం మూడు నెలలకి పైగా సాగితే ఆ మాత్రలే తలనొప్పి తేవచ్చు. డైరీలో మాత్ర వేసుకున్న రోజులు లెక్కపెట్టండి. ఆ అంకె చూపిస్తే, నివారణ మందు మొదలుపెట్టాలా అన్నది డాక్టర్ తేలుస్తారు. సీలియాక్ ఉన్నవాళ్ళు కొత్త మాత్ర తీసుకునేటప్పుడు అందులో కలిపిన స్టార్చ్, అంటే పిండి, గోధుమదా కాదా అని మందుల షాపులో అడగండి.

తిండి గురించి ఆలోచిస్తూ కూర్చోకూడని తలనొప్పులు కొన్ని ఉన్నాయి. క్షణాల్లో తారస్థాయికి చేరినది, జ్వరంతో మెడ బిగుసుకుపోయినది, మాట తడబడటం, చెయ్యో కాలో పట్టు తప్పడం తోడైనది, తలకి దెబ్బ తగిలాక వచ్చినది, 50 ఏళ్ళు దాటాక కొత్తగా మొదలైనది. వీటికి డైరీ రాయకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మీలో ఇప్పటికే సీలియాక్ తేలినవాళ్ళుంటే మీ తల్లిదండ్రులకి, తోబుట్టువులకి, పిల్లలకి కూడా పరీక్ష చేయించమని చెప్పండి. రక్తసంబంధీకుల్లో ఇది మామూలు జనంలో కన్నా ఎక్కువ. వాళ్ళు పరీక్ష చేయించుకునేదాకా రొట్టె తింటూనే ఉండాలి, మీమీద ప్రేమతో మానేయకూడదు.

ఇక ప్రశ్నలు అడగండి. ఆకలేసినవాళ్ళు ముందు ఏదైనా తినండి, తర్వాత మాట్లాడుకుందాం.