రూము ఎంత అని అడిగే ముందు

అందరికీ నమస్కారం. ప్రయాణాల్లో బస గురించి మాట్లాడమన్నారు. ఎక్కడికెళ్లినా మనం మొదట అడిగేది "రూము ఎంత?" అనే. జపాన్ రియోకాన్‌లోనూ, నేపాల్ కొండదారుల్లో నడిచేవాళ్లు బస చేసే టీహౌస్‌లోనూ ఆ ప్రశ్నకు వచ్చే జవాబు నమ్ముకుంటే లెక్క తప్పుతుంది. నాకు రెండుచోట్లా తప్పింది.

రియోకాన్ అంటే జపాన్ సంప్రదాయ వసతిగృహం. యమనాషి ప్రాంతంలో వేడినీటి ఊటల దగ్గరున్న కేయున్‌కన్ క్రీ.శ. 705లో మొదలైందంటారు. ప్రపంచంలోకెల్లా పాత హోటల్‌గా గిన్నిస్ వాళ్లు దాన్ని గుర్తించారు. రియోకాన్‌లో అద్దె సాధారణంగా గదికి కాదు, తలకి. రాత్రి భోజనం, పొద్దుటి టిఫిను చాలాచోట్ల అందులోనే కలిసి ఉంటాయి. ఇద్దరం ఒకే గదిలో సర్దుకుంటే సగం మిగులుతుందనుకున్నాను. ఏమీ మిగల్లేదు.

గుమ్మంలోనే చెప్పులు విడవాలి. గదిలో తతామీ చాపలు, ఒక పొట్టి బల్ల, అంతే. మంచం ఏదని వెతికాను కూడా. మనం భోజనానికి వెళ్లినప్పుడు పనివాళ్లు వచ్చి బల్ల పక్కకు జరిపి పరుపులు వేస్తారు. కట్టుకోవడానికిచ్చే యుకాతా అనే వదులు అంగీలో ఎడమ అంచు కుడిదాని మీదికి రావాలి. తిరగేసి కట్టడం శవానికి! స్నానాల తొట్టిలో దిగేముందే ఒళ్లు శుభ్రంగా కడుక్కోవాలి, సబ్బు నురగ తొట్టిలోకి రాకూడదు. ఇన్ని నియమాలకు మొదటిరోజు కాస్త టెన్షన్ పడ్డాను, రెండో రోజుకి హాయిగా ఉంది.

1979లో ఒసాకాలో మొదలైన క్యాప్సూల్ హోటళ్లూ జపాన్‌వే. అక్కడ దొరికేది గది కాదు, పడుకునే అర మాత్రమే. ఒక్క రాత్రికి పరవాలేదు.

ఇక నేపాల్. లుక్లా దాటి ఎవరెస్టు వైపు నడిచే దారిలో టీహౌస్ గది అద్దె నామమాత్రం. షరతు ఏమిటంటే, తిండి అక్కడే తినాలి. బయట తింటే అద్దె ఎన్నో రెట్లు పెరుగుతుంది. వేడినీళ్ల స్నానానికి, ఫోన్ చార్జింగ్‌కి చాలాచోట్ల విడిగా డబ్బు. ఎత్తు పెరిగేకొద్దీ ధరలూ పెరుగుతాయి. మొదట్లో గొణుక్కున్నాను. తర్వాత గ్యాస్ సిలిండర్లు వీపున మోసుకుని ఎదురెక్కుతున్న మనిషిని చూశాక టీ ధర గురించి మళ్లీ మాట్లాడలేదు. దాల్‌భాత్ మాత్రం మారు వడ్డిస్తారు, ఆకలిగా ఉంటే అంతకన్నా లాభసాటి భోజనం లేదు.

గదుల మధ్య గోడలు పల్చటి ప్లైవుడ్. పక్కవాడి దగ్గు మన చెవిలోనే. 5,164 మీటర్ల ఎత్తున్న గోరక్‌షెప్‌లో రాత్రికి సీసాలో నీళ్లు గడ్డకడతాయి, గదిలో వెచ్చదనం ఉండదు. ఉన్న ఒక్క పొయ్యి భోజనాల హాల్లో, జడలబర్రె పిడకలతో సాయంత్రం వెలిగిస్తారు. అందరం దాని చుట్టూ చేరేవాళ్లం, కదలబుద్ధయ్యేది కాదు.

మూడో రాత్రి అలాగే కబుర్లలో ఉండగా, దుప్పటి చంకలో పెట్టుకుని ఒక కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉండటం చూశాను. మా సామాను మోసినవాడే. మేం కూర్చున్న బెంచీలే అతనికీ మిగతా కూలీలకూ, గైడ్లకూ పడక. మేం లేస్తే తప్ప వాళ్లు నడుం వాల్చలేరు. గబగబా టీ తాగేసి లేచాను.